కొత్త కాలనీకి పాత పేరు

ఊరి చివరి పొలాలు ప్లాట్లుగా మారడం మన కాలంలో నిత్యం చూస్తున్న దృశ్యం. గట్లు చదును చేస్తారు. హద్దురాళ్ళు పాతి సున్నం వేస్తారు. ఎర్రమట్టి పోసి బాటలు తీరుస్తారు. చివరికి రోడ్డు మొగదల ఒక కమాను కట్టి దానిమీద పేరు వ్రాయిస్తారు. ఈ పనులన్నిటికీ నిపుణులుంటారు. నేల కొలిచేందుకు సర్వేయరు, పటం గీసేందుకు ఇంజనీరు, దస్తావేజు వ్రాసేందుకు లేఖరి. పేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం నిపుణుడు అక్కరలేదనుకొంటారు. బ్రోచరు అచ్చువేసేవాడు సూచించిన నాలుగింటిలో చెవికి ఇంపుగా ఉన్నదొకటి ఖాయమవుతుంది. మూడు తరాలవారు తమ చిరునామాగా వ్రాసుకోవలసిన మాట మూడు నిమిషాలలో తేలిపోతుంది.

నేలకు పెట్టే పేరు అలంకారం కాదనీ, అది ఆ నేల గురించిన సాక్ష్యమనీ నా నమ్మకం. ఈ వ్యాసంలో ఆ సంగతినే చరిత్ర ఆధారంగా చెప్పదలచుకొన్నాను. కొత్తగా ఏర్పడిన నివాసాలకు మన పూర్వులు పేర్లెలా పెట్టారు, వాటిలో ఏవి నిలిచాయి, ఏవి చెరిగిపోయాయి అన్నది తెలిస్తే ఇప్పుడు మనమేమి చేయాలో కొంత బోధపడుతుంది.

కొత్త ఊళ్ళు కట్టడం మనకు కొత్త కాదు. రాజులు అగ్రహారాలిచ్చారు, సామంతులు పేటలు కట్టించారు, చెరువు తవ్వించి దాని కట్టకింద పల్లె నిలిపారు. అలా ఇచ్చినప్పుడు దాత తన పేరో, తల్లి పేరో, ఇష్టదైవం పేరో, గురువు పేరో ఆ ఊరికి పెట్టడం ఆచారం. దానశాసనాలు చదివిన వారికి ఇది సుపరిచితమే. పాత పేరు గల ఊరిని ఇచ్చి, దానికి మరొక ఘనమైన పేరు కలిపేవారు. ఆ రెండు పేర్లలో తరువాతి కాలం దేనిని ఉంచుకొన్నదో గమనించడంలోనే అసలు పాఠం ఉన్నది.

గుంటూరు జిల్లా తుళ్ళూరు మండలంలో మల్కాపురం అనే చిన్న ఊరున్నది. అక్కడి రాతిస్తంభం మీద 1261 నాటి రుద్రమదేవి శాసనం ఉంది. ఆమె తండ్రి గణపతిదేవునికి గురువైన విశ్వేశ్వర శంభువుకు మందర గ్రామాన్ని, వెలగపూడితో సహా ఇచ్చినట్లు అందులో ఉన్నది. ఆయన ఆ ఆదాయంతో ఆలయం, మఠం, విద్యాలయం, అన్నసత్రం, ప్రసూతిశాల, వైద్యశాల నడిపే ఏర్పాటు చేశాడు. ఏడు వందల అరవై ఏళ్ళ క్రితమే ప్రసూతిశాలకు భూమి కేటాయించిన ఊరది. అక్కడ నిలిపిన అగ్రహారానికి విశ్వేశ్వర గోళకి అని పేరు పెట్టారు. శాసనకర్త దృష్టిలో ఇకమీదట అదే ఆ ఊరి పేరు. కాని నేడు ఆ ప్రాంతానికి వెళ్ళి విశ్వేశ్వర గోళకి ఎక్కడని అడిగితే చెప్పగల రైతు ఒక్కడూ ఉండడు. మందడం ఎక్కడంటే పిల్లవాడు కూడా వేలు చూపిస్తాడు. వెలగపూడి సంగతి చెప్పనే అక్కరలేదు. గోళకి మఠం పోయింది, కాకతీయ రాజ్యం పోయింది. వారికంటె ముందునుంచీ ఉన్న పల్లె పేర్లు మిగిలాయి.

రెండవ ఉదాహరణ విజయనగరానిది. శ్రీకృష్ణదేవరాయలు రాజధానికి చేరువలో ఒక కొత్త పట్టణం కట్టించి నాగలాపురమని పేరు పెట్టాడు. ఆముక్తమాల్యద వ్రాసిన చక్రవర్తి స్వయంగా పెట్టిన పేరు! ఆ ఊరి జనం మాత్రం దానిని తమ కన్నడంలో "కొత్త పేట" అన్నారు. హొస అంటే కొత్త. ఆ మాటే హొసపేట. నేడు పటంలో ఉన్నదీ, రైలు స్టేషను బోర్డు మీద ఉన్నదీ ఆ మాటే. ఐదు వందల ఏళ్ళయినా అది "కొత్త" పేటగానే ఉండిపోవడం ఒక వింత.

మూడవది మన సికింద్రాబాదు. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో మూడవ నిజాము సికిందర్ జా పేరుమీద ఆ కంటోన్మెంటుకు ఆ పేరు వచ్చింది. పేరు నిలిచిందనే చెప్పాలి. అయినా ఆషాఢమాసంలో ఉజ్జయినీ మహంకాళికి బోనమెత్తే తల్లులు మాత్రం దానిని లష్కర్ బోనాలనే అంటారు. లష్కర్ అంటే సైన్యపు విడిది. ఆ నేలమీద ఏమి జరిగిందో చెప్పే మాటను జనం పండుగలో దాచుకొన్నారు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక సూత్రం కనిపిస్తున్నది. ప్రభువు పెట్టే పేరు ప్రభువును గురించి చెబుతుంది. జనం పెట్టుకొనే పేరు నేలను గురించి చెబుతుంది. మొదటిది రాతిమీద నిలుస్తుంది, రెండవది నోటిమీద నిలుస్తుంది. నోటిమీది దానికే ఆయుష్షు ఎక్కువ.

జనం పెట్టుకొన్న పేర్లలో ఏముంటుంది? నీరుంటుంది, చెట్టుంటుంది, రాయి ఉంటుంది, చేసే వృత్తి ఉంటుంది, ఎవరో ఒక మూలపురుషుడుంటాడు. కుంట, మడుగు, కొలను, ఊట, వాగు, ఏరు, లంక ఇవి నీటి మాటలు. దిబ్బ, దిన్నె, మిట్ట, మెరక, గరువు ఇవి ఎత్తు నేల మాటలు. పాడు, పూడి, పల్లి, ప్రోలు, వాడ ఇవి నివాసాన్ని తెలిపేవి. పాళెం మొదట సైన్యపు విడిది, ఆ తరువాత పెద్ద ఊరి పక్కన వెలసిన చిన్న పల్లె. ఖండ్రిక ఇనాముగా ఇచ్చిన తుండు భూమి. రాయలసీమలో సముద్రం కనిపించదు గాని ఊళ్ళ పేర్ల చివర సముద్రాలు చాలా కనిపిస్తాయి, అవి చెరువులు. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం అలాంటిదే. కొల్లేటి అంచునున్న గుండుగొలను పేరులో కొలనున్నది. నల్లగొండ పేరు కొండ రంగును చెబుతున్నది. ఓరుగల్లు పేరులో రాయి ఉన్నది. సంస్కృత పండితులు దానిని ఏకశిలానగరం అన్నారు, కాని వారు కూడా రాతిని మాత్రం వదలలేదు.

ఈ విషయాన్ని శాస్త్రంగా పరిశీలించిన పెద్దలు మనకున్నారు. కేతు విశ్వనాథరెడ్డిగారు కథకులుగానే ఎక్కువమందికి తెలుసు. ఆయన డాక్టరేటు పట్టం అందుకొన్నది కడప జిల్లా ఊళ్ళ పేర్లమీద చేసిన పరిశోధనకు. అంతకు చాలా ముందే కల్నల్ మెకంజీ, ఆయనకు కుడిభుజమైన కావలి బొర్రయ్య, ఆ సోదరులు ఊరూరా కరణాలచేత చెప్పించి సేకరించిన కైఫియ్యత్తులున్నాయి. ఆ ఊరు ఎప్పుడు కట్టారు, ఎవరు అడవి నరికించారు, ఏ పేరు ఎందుకు వచ్చింది, ఎల్లలు ఏవి అన్న వివరాలు వాటిలో ఉంటాయి. కరణాలు చెప్పినదంతా చరిత్ర కాదు, స్థలపురాణం కూడా కలిసి ఉంటుంది. అయినా ఒక ఊరు తన పేరును తాను ఎలా అర్థం చేసుకొన్నదో తెలియడానికి అంతకు మించిన ఆధారం లేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంలో వ్యవసాయ పదాలను జిల్లాలవారీగా చేర్చారు. నేలల రకాలకు, గట్లకు, కాలువలకు మన రైతులకున్న మాటల సంపద చూడగోరేవారు దానిని తిరగవేయాలి.

మెకంజీ ప్రసక్తి వచ్చింది కాబట్టి అమరావతి గురించి చెప్పుకోవాలి. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కృష్ణ ఒడ్డున అమరేశ్వరస్వామి సన్నిధిలో తన రాజధాని నిర్మించుకొంటూ, రాయి కోసం అక్కడి ఒక మట్టిదిబ్బను తవ్వించాడు. అందులోనుంచి చెక్కిన పాలరాతి పలకలు బయటపడ్డాయి. 1798 ప్రాంతంలో మెకంజీ వచ్చి చూసింది దానినే. అది ధాన్యకటక మహాస్తూపమని తరువాత తేలింది. కాని చుట్టుపట్ల జనం ఆ దిబ్బను అప్పటికే దీపాలదిన్నె అని పిలుస్తున్నారు. బౌద్ధం ఆ ప్రాంతంనుంచి కనుమరుగై ఎంతో కాలమైంది, స్తూపం అంటే ఏమిటో తెలిసినవారు లేరు, అయినా అది ఉత్త దిబ్బ కాదని ఆ పేరు చెబుతూనే ఉన్నది. తెలియని దానిని కూడా గుర్తు పెట్టుకోగల శక్తి పేరుకున్నది.

ఆ పాత అమరావతి పేరునే 2015లో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధానికి పెట్టారు. అక్కడికి తూర్పున ఉన్న 29 గ్రామాల రైతులనుంచి భూసమీకరణ పద్ధతిలో ముప్ఫై మూడు వేల ఎకరాలకు పైగా తీసుకొని, వారికి అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేశారు. నగరాన్ని తొమ్మిది విభాగాలుగా ఊహించి గవర్నమెంట్ సిటీ, జస్టిస్ సిటీ, నాలెడ్జ్ సిటీ, హెల్త్ సిటీ అంటూ పేర్లు పెట్టారు. 2016లో తాత్కాలిక సచివాలయం వెలగపూడిలో, 2019లో హైకోర్టు నేలపాడులో పని మొదలుపెట్టాయి. ఆ తరువాత ఎన్ని రాజకీయాలు జరిగినా, పనులు ఆగి మళ్ళీ 2025లో ఊపందుకొన్నా, ఒక సంగతి మాత్రం మారలేదు. పత్రికలవారు వ్రాసేది వెలగపూడి సచివాలయమనే. వకీళ్ళు చెప్పుకొనేది నేలపాడు హైకోర్టనే. తొమ్మిది నగరాల పేర్లు పటంలో ఉన్నాయి. రుద్రమదేవి శాసనంలోని వెలగపూడి ఇంకా జనం నోట ఉన్నది.

ఇది నాకు సంతోషం కలిగించే సంగతి. కలవరపెట్టే సంగతి మరొకటున్నది. భూసమీకరణలో గ్రామకంఠాలను మినహాయించారు కనుక ఊళ్ళ పేర్లకు ఇప్పట్లో భయం లేదు. కాని ఊరి పేరొక్కటే పేరు కాదు. ప్రతి ఊరికీ వందలాది చేల పేర్లుంటాయి. సర్కారుకు సర్వే నంబరు చాలును గాని రైతుకు చాలదు. చింతచెట్టు చేను, ఊటబావి చెలక, దొంగలదారి, గుర్రాలమెట్ట, చాకలికుంట, ఇలా పిలిస్తేనే కూలీలు సరిగా ఆ చేలోకి వెళతారు. ఈ పేర్లు ఏ పటంలోనూ ఉండవు. పాత రెవెన్యూ దస్తరాలలో కొన్ని మాత్రం దొరుకుతాయి. గట్టు చెరిగి చేను ప్లాటైన రోజున, పిలవడానికి చేను లేక, పేరు ఆ తరంతోనే పోతుంది. అమరావతిలోనే కాదు, హైదరాబాదు చుట్టూ, బెజవాడ చుట్టూ, విశాఖ చుట్టూ, ప్రతి మండల కేంద్రం చుట్టూ ఇదే జరుగుతున్నది.

పోతే పోనీ, పేర్లే కదా అనేవారికి నీటి సంగతి గుర్తుచేస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. జనం రోజుల తరబడి మేడలమీద, నడుములోతు నీళ్ళలో ఉన్నారు. బుడమేరు పేరులో ఏరున్నది. ఆ ఏటి పక్కన వెలసిన కాలనీల పేర్లలో నీటి జాడే లేదు. ఒకటి ఒక వ్యక్తి పేరు, ఒకటి దేవత పేరు, మూడవది ఒక కేంద్ర ప్రభుత్వ పథకపు ఇంగ్లీషు పొడి అక్షరాల కూర్పు. ఊరి పేరు చూసి వరద ఆగదు, నిజమే. అయితే ఇల్లు కొనుక్కోవడానికి వచ్చిన పరాయి ఊరివాడు ఆ చిరునామా చదివినప్పుడు ఒక్క ప్రశ్న అడిగే అవకాశమైనా ఉండాలి కదా. "కుంట అంటున్నారు, కుంట ఎక్కడ?" అని అడగగలగాలి. పేరు మార్చినవారు ఆ ప్రశ్నను అతని నోటిలో లేకుండా చేశారు.

పేరు మిగిలితే ఏమవుతుందో కూడా మనం చూశాము. హైదరాబాదు అంబర్‌పేటలో బతుకమ్మకుంట అని ఒకటుండేది. చెత్తతో, మట్టితో పూడిపోయి కంటికి కనిపించకుండా పోయింది. కాని ఆ పేరు చుట్టుపక్కలవారి నోటిలో బ్రతికే ఉన్నది. ఇక్కడ ఒక కుంట ఉండేది, దానిలో బతుకమ్మలను సాగనంపేవారు అనడానికి ఆ పేరే మొదటి సాక్షి. 2025లో తవ్వి చూడగా నీరు పైకి వచ్చింది. ఆ సంవత్సరమే కుంటను తిరిగి తీర్చిదిద్దారు. అదే నగరంలో మాసాబ్ ట్యాంక్ అనే చోట నేడు చెరువు లేదు. మాసాహెబా అని గౌరవంగా పిలిపించుకొన్న కుతుబ్‌షాహీ రాజమాత హయత్ బక్షీ బేగం పేరుమీద వెలసిన చెరువది. గచ్చిబౌలిలో బౌలి అంటే దిగుడుబావి. నల్లకుంటలో కుంట ఉన్నది. ఆ పేర్లు లేకపోతే అక్కడ ఒకప్పుడు నీరుండేదన్న ఊహ కూడా నేటి బాలలకు రాదు. అమరావతి పరిధిలో నీరుకొండ అని ఒక ఊరున్నది. కొండవీటివాగు వరదను నిలిపేందుకు రాజధాని ప్రణాళికలో జలాశయాలకు ఎంచిన చోట్లలో అదొకటి. పేరులో నీరున్న చోటుకే ఇంజనీర్ల లెక్క కూడా చేరింది.

మరి నేటి కాలనీల పేర్లు ఎలా ఉంటున్నాయి? స్థూలంగా నాలుగు తరగతులు. మొదటిది ఇంగ్లీషు సోకు. పచ్చికబయలు లేని చోట గ్రీన్ మెడోస్, పూడ్చిన చెరువుమీద లేక్ వ్యూ. రెండవది సంస్కృత సోకు. ఇక్కడ నా సాటి పండితుల బాధ్యత కొంత ఉన్నది. పేరు పెట్టమని మన దగ్గరకు వస్తే నందనవనం, బృందావనం, వైకుంఠపురం అని నిఘంటువు తీసి అందిస్తాము. చెవికి మధురమే, కాని శ్రీకాకుళంలోనూ చిత్తూరులోనూ ఒక్కలాగే అతికే పేరు ఏ ఊరికీ అతకనట్లే. ఇంగ్లీషు పేరును చూసి నొచ్చుకొనేవారు, నేలకు సంబంధం లేని సంస్కృత నామం చూసి మురిసిపోవడం న్యాయం కాదు.

మూడవది నాయకుల పేర్లు, పథకాల పేర్లు. దేశానికి సేవచేసినవారిని స్మరించడం ధర్మమే. హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. సంస్థను తీర్చిదిద్దిన శాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావుగారి పేరిట ఆ ఉద్యోగులు ఇళ్ళు కట్టుకొన్న చోటు వెలసింది. ఆ నేలకూ ఆ మనిషికీ సంబంధమున్నది కనుక అది ఉచితమే. అధికారం చేతులు మారినప్పుడల్లా పేదల ఇళ్ళ కాలనీలకు బోర్డులు మారడం మాత్రం వేరే సంగతి. 2020 తరువాత కట్టిన కాలనీలకు ఒక నాయకుని పేరు, 2024లో ప్రభుత్వం మారాక మరొక నాయకుని పేరు. అక్కడ కాపురముండే మనిషి ఆధార్ కార్డులో ఏ చిరునామా వ్రాయించుకోవాలి?

నాల్గవది పొడి అక్షరాలు. ఇది పేరు పెట్టేవారి దోషం కాదు, పొడుగు పేరును జనం కుదించుకొనే తీరు. అయ్యగారి సాంబశివరావు నగరం ఎ.ఎస్. రావు నగర్ అయింది. లాల్ బహదూర్ నగర్ ఎల్.బి. నగర్ అయింది. అన్నిటికంటె నాకు జాలి కలిగించేది విశాఖపట్నంలోని ఎం.వి.పి. కాలనీ. మువ్వలవానిపాలెం అన్న అచ్చతెలుగు పల్లె పేరు ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలలో నలిగిపోయింది. స్థానికమైన పేరు పెట్టినంత మాత్రాన చాలదు, అది పలకడానికి పొట్టిగా ఉండాలి అని దీనినుంచి నేర్చుకోవాలి. అదే విశాఖలో ఉక్కునగరం చూడండి. ఉక్కు కర్మాగారపు ఉద్యోగుల కోసం కట్టిన ఊరది. రెండు అక్షరాల ముందు మాటతో, ఆ నేలమీద ఏ పని జరుగుతున్నదో చెప్పే పేరు. 1966లో ఆ కర్మాగారం కోసం ప్రాణాలిచ్చినవారి ఉద్యమం కూడా ఆ ఉక్కు అన్న మాటలోనే ఉన్నది. దానినెవరూ యు.ఎన్. అని కుదించలేదు. కుదించవలసిన అవసరమే కలగలేదు.

కొన్నేళ్ళ క్రితం నా దగ్గర చదువుకొన్న ఒకతను తమ ఊరి శివారులో పద్దెనిమిది ఎకరాలు లేఅవుటు వేస్తూ, "మాస్టారూ, మంచి తెలుగు పేరొకటి చెప్పండి" అని వచ్చాడు. పేరు నా దగ్గర లేదు, మీ పొలంలోనే ఉంటుంది, పద అన్నాను. ఆ ఊరిలో ఎనభై దాటిన ఇద్దరు రైతులను, ఒకప్పుడు నాట్లకు ముఠా నడిపిన ఒక పెద్దమ్మను వెంటబెట్టుకొని ఆ నేలంతా ఒక ఉదయం తిరిగాము. సర్వే నంబర్లు పదకొండే ఉన్నాయి. పేర్లు ఇరవైకి పైగా దొరికాయి. వాటిలో సగం మగవారికి తెలియనివి, పెద్దమ్మ చెప్పినవి. నారుమడి ఎక్కడ పోసేవారు, ఎక్కడ కాలు దిగబడేది, ఏ గట్టున అన్నాలు తినేవారు అన్నది ఆమెకే గుర్తు. ఈశాన్యపు మూలకు వచ్చేసరికి ఆమె ఆగి, "ఇది ఊటకుంట కదయ్యా, వానాకాలం ఇందులో పశువులు కూడా దిగవు" అన్నది. పటంలో ఆ చోట తొమ్మిది ప్లాట్లున్నాయి.

ఆ మాట వినగానే మా వాని ముఖం మారింది. "మాస్టారూ, వీధికి ఊటకుంట అని పేరు పెడితే ఆ ప్లాట్లు ఎవరు కొంటారండీ?" అన్నాడు. "పెట్టకపోతే కొంటారు కదా. కొన్నవాడు వానాకాలంలో ఏమి చేస్తాడు నాయనా?" అన్నాను. అతను దుర్మార్గుడు కాడు, అప్పులు తెచ్చి వ్యాపారం చేస్తున్నవాడు. తొమ్మిది ప్లాట్లంటే అతనికి చిన్న మొత్తం కాదు. చట్టప్రకారం పార్కుకు ఎలాగూ స్థలం విడవాలి కనుక ఆ పార్కును ఇక్కడకు జరుపుకొమ్మని, దానికి ఊటకుంట తోట అని పేరు పెట్టమని చెప్పాను. పదిహేను రోజులు ఆలోచించాడు. పార్కు జరిపాడు, తొమ్మిదింటిలో ఆరు ప్లాట్లు అందులో కలిశాయి, మూడు మిగిలాయి. నాలుగు వీధులకు పాత చేల పేర్లు పెట్టాడు. కమాను మీది పేరు మాత్రం అతని భాగస్వాములు ఇంగ్లీషులోనే ఖాయం చేశారు. లెక్క వేస్తే సగం గెలుపు. కాని ఆ సగంలో ఆరు కుటుంబాలు నీళ్ళలో ఇల్లు కట్టుకోకుండా మిగిలాయి. పేరు వెతకడానికి వెళ్ళకపోతే ఆ మాట పెద్దమ్మను అడిగేవారే లేరు.

స్థానికమైన పేరంటే ప్రతిదీ మంచిదేనా అన్న ప్రశ్న న్యాయమైనది. కాదు. మన నేల జ్ఞాపకంలో కులం కూడా ఉన్నది. ఊరికి వెలుపల నెట్టినవారి వాడలకు ఊరివారు పెట్టిన పేర్లున్నాయి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు తన నవలకు మాలపల్లి అని పేరు పెట్టినప్పుడు అది ఒక సాహసం, ఒక సంఘీభావం. అదే మాటను తహసీలు కార్యాలయం ఒక చిరునామాగా అంటగట్టినప్పుడు అది వేరే పని చేస్తుంది. 2020లో మహారాష్ట్ర ప్రభుత్వం కులాల పేర్లున్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. ఇందులో నా మతమిది: ఒక పేరును మోసేవారు దానిని తమదిగా చెప్పుకొంటే అది ఉండాలి, ఇతరులు మోపినదైతే దించుకొనే హక్కు వారికున్నది. పాతది కావడం ఒక్కటే అర్హత కాదు. చాకలికుంట వంటి పేరుకు కూడా ఇదే పరీక్ష. ఆ కుంటలో బట్టలుతికి ఊరిని శుభ్రంగా ఉంచినవారి కుటుంబాలనే అడగాలి. వారు గర్వంగా ఉంచమంటే ఉంచాలి, వద్దంటే ఆ నీటికి వారు చెప్పే పేరు పెట్టాలి.

ఇక ఆచరణకు వస్తే, కొత్త లేఅవుటుకు పేరు కావలసినవారు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మొదట ఆ ఊరి పాత గ్రామపటం, పాత సెటిల్మెంటు రిజిస్టరు చూడాలి. తెలంగాణలో అయితే సేత్వార్, పాత పహాణీలు చూడాలి. శిఖం భూమి అని ఉంటే అది చెరువు కడుపు అని గుర్తించాలి. రెండవది, అక్కడ సేద్యం చేసినవారితో, ముఖ్యంగా కూలికి వెళ్ళిన స్త్రీలతో ఆ నేల నడవాలి. మూడవది, దొరికిన పేర్లలో నాలుగైదు అక్షరాలకు మించనివి ఏరాలి. నాల్గవది, నీటి పేర్లను నీటి చోటికే ఉంచాలి. ఊట ఒకచోట, పేరు మరొకచోట అయితే అదీ అబద్ధమే. చివరిది, వాడకుండా మిగిలిన పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసి, పటంతో సహా పంచాయతీకో, ఊరి గ్రంథాలయానికో, బడికో ఇవ్వాలి. ఇప్పుడు పనికిరాని పేరు యాభై ఏళ్ళ తరువాత ఎవరికో కుంటను వెతికిపెట్టవచ్చును.

మన భాష ఎక్కడ బ్రతుకుతున్నదని అడిగితే పుస్తకాలలో అంటాము, పద్యాలలో అంటాము. నలభై ఏళ్ళు పిల్లలకు పద్యాలు చెప్పినవాడిని, ఆ మాట కాదనను. కాని పద్యం రానివాడు కూడా రోజుకు నాలుగుసార్లు పలికే తెలుగు మాట తన చిరునామా. ఆటోవానికి చెబుతాడు, పోస్టుమానుకు చెబుతాడు, బడిలో వ్రాయిస్తాడు, పెళ్ళి శుభలేఖలో అచ్చు వేయిస్తాడు. ఆ ఒక్క మాటలో తన కాలికింద ఏ నేల ఉన్నదో చెప్పే అక్షరాలుంటే, ఆ మనిషి ఏ ఊరినుంచి వచ్చి అక్కడ స్థిరపడినా, ఆ నేలకు అతనితో పరిచయమైనట్లే. మీ ఊరి శివారులో ఎక్కడైనా హద్దురాళ్ళు పాతుతూ కనిపిస్తే, కమాను కట్టకముందే ఆ చేల పేర్లు అడిగి వ్రాసిపెట్టండి. చెప్పగలవారు ఇంకా ఉన్నారు.